మహమ్మదలీ: వణికిన చేతిలో ఆరని జ్యోతి
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము ఉర్దూ మీడియం బడిపంతులం. తెలుగులో ఉపన్యాసమంటే మాకు కాస్త జంకే. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించండి. "మాస్టారూ, పిల్లలకు పనికొచ్చే ఒక మహనీయుని గురించి చెప్పండి" అని కార్యదర్శి గారు అడిగారు. మహమ్మదలీ గురించి చెబుతామన్నాం. "అమెరికా బాక్సరుకీ మన వినుకొండకీ ఏం సంబంధమండీ?" అన్నారాయన నవ్వుతూ. సంబంధం ఉన్నది. మా ఇంట్లోనే ఉన్నది. అది తర్వాత మనవి చేస్తాం.

అలీ 1942 జనవరి 17న అమెరికాలో కెంటకీ రాష్ట్రం లూయీవిల్ పట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కాషియస్ క్లే. తండ్రి సైనుబోర్డులు రాసే పెయింటరు. పన్నెండో ఏట కుర్రవాడి సైకిల్ ఎవరో దొంగిలించారు. దొంగ దొరికితే చితకబాదుతానని ఏడుస్తూ వెళ్ళి ఒక పోలీసాయనతో మొర పెట్టుకున్నాడు. ఆ పోలీసు పేరు జో మార్టిన్. కుర్రవాళ్ళకు బాక్సింగ్ నేర్పేవాడు. "కొట్టడం సంగతి తర్వాత, ముందు కొట్టడం నేర్చుకో" అన్న ధోరణిలో సలహా ఇచ్చి చేరదీశాడు. పోయిన సైకిల్ పోయింది గాని లోకానికొక వీరుడు దొరికాడు. పిల్లలూ, పోయినదాని కోసం ఏడుస్తూ కూర్చోకండి, దాని వెనుక ఏ తలుపు తెరుచుకుంటున్నదో చూడండి.

1960లో రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు. అయినా అవి అతని ఊళ్ళో తెల్లవారి హోటళ్ళలో నల్లవారికి ప్రవేశం లేని రోజులు. ఈ బాధ మన వినుకొండ వారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఈ గడ్డమీద పుట్టిన గుర్రం జాషువా గారు ఎంత గొప్ప కవి అయినా కులం పేరిట ఎన్ని అవమానాలు దిగమింగారో మనకు తెలుసు. ఆ మహాకవే పారశీక కవి ఫిరదౌసి కడుపుకోతను తెలుగులో కావ్యం చేశారు. బాధ తెలిసినవాడికి మతం, దేశం అడ్డం రావు.

1964 ఫిబ్రవరి 25న సోనీ లిస్టన్‌ను ఓడించి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఆ వెనువెంటనే తన విశ్వాసాన్ని ప్రకటించి మహమ్మద్ అలీ అయ్యాడు. 1967 ఏప్రిల్ 28న వియత్నాం యుద్ధానికి పిలిస్తే, నిరపరాధులను చంపడానికి రానని చెప్పి నిలబడ్డాడు. బిరుదు లాక్కున్నారు, పోటీలు చేయనివ్వలేదు, అయిదేళ్ళ జైలు, పదివేల డాలర్ల జుర్మానా విధించారు. అప్పీలు మీద బయట ఉన్నాడు గాని మూడేళ్ళకు పైగా బరిలోకి దిగలేకపోయాడు. ఆటగాడికి ఇరవై అయిదు నుంచి ఇరవై ఎనిమిదేళ్ళ వయసంటే మిరపచేను కాపుకొచ్చిన వేళ. సరిగ్గా ఆ పంటే ఆయన వదులుకున్నాడు. 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది.

తర్వాత సంగతులు మీలో పెద్దలకు తెలిసినవే. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో ఫోర్‌మన్‌ను పడగొట్టాడు. 1975లో మనీలాలో ఫ్రేజియర్‌తో ప్రాణాల మీదకు తెచ్చుకునే పోరు చేశాడు. 1978లో మూడోసారి ఛాంపియన్ అయ్యాడు. మొత్తం 61 పోటీలు, 56 విజయాలు. 1980లో మన దేశానికి వచ్చి, ఢిల్లీలో మన కౌర్ సింగ్‌తోను, మద్రాసు నెహ్రూ స్టేడియంలో తన పాత మిత్రుడు జిమ్మీ ఎల్లిస్‌తోను ప్రదర్శన పోటీలు ఆడాడు.

ఆ మద్రాసు ఫొటో పేపర్లో వస్తే మా అబ్బా కత్తిరించి, గోధుమపిండి జిగురుతో తన టైలరు దుకాణం గోడకు అంటించుకున్నారు. మేము పుట్టి బుద్ధెరిగే నాటికే అది పసుపురంగు తిరిగిపోయింది. అబ్బా మిషన్ తొక్కుతూ ఆ బొమ్మ కేసి చూసి "వీడు మనవాడురా" అనేవారు. ఆయనకు ఇంగ్లీషు రాదు, బాక్సింగ్ నియమాలూ తెలియవు. తల వంచని మనిషి అని మాత్రం తెలుసు.

అయ్యా, ఇక అసలు విషయం. 1984లో అలీకి పార్కిన్సన్ జబ్బు ఉన్నదని డాక్టర్లు తేల్చారు. అప్పటికి ఆయన వయసు 42. తలకు తగిలిన దెబ్బలు అందుకు కారణం కావచ్చునని పలువురు వైద్యులు భావించారు. ఉర్దూలో మనం రఅషా అంటాం, ఆయుర్వేదంలో కంపవాతం అంటారు. మెదడులో డోపమిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించిపోతాయి. దానితో చేయి ఊరకే ఉన్నప్పుడే వణుకుతుంది. నడక మందగిస్తుంది, ఒళ్ళు బిగిసిపోతుంది, రాత చిన్నదైపోతుంది, గొంతు సన్నగిల్లుతుంది, ముఖంలో భావం కనబడదు. ఇది అంటుజబ్బు కాదు, పిచ్చి కాదు, గాలిచేష్ట అంతకన్నా కాదు. పూర్తిగా నయం చేసే మందు లేదు గాని, లెవొడోపా వంటి మాత్రలతో ఏళ్ళ తరబడి చక్కగా బతకవచ్చు.

1996 జూలై 19 రాత్రి అట్లాంటా ఒలింపిక్స్ ప్రారంభం. మనకది మరునాటి పొద్దున. మేమప్పుడు ఇంటర్‌లో కొత్తగా చేరాం. అబ్బా దుకాణం మూసి పక్కింటి టీవీ ముందు కూర్చున్నారు. ఆఖరి జ్యోతి ఎవరు వెలిగిస్తారో అని లోకమంతా చూస్తుంటే, తెల్లబట్టల్లో అలీ వచ్చి నిలబడ్డాడు. ఎడమ చేయి గడగడ వణుకుతున్నది. కుడిచేత్తో కాగడా పట్టుకుని జ్యోతి వెలిగించాడు. అబ్బా కళ్ళు తుడుచుకోవడం మేము చూసింది అదే మొదటిసారి.

పదిహేడేళ్ళు గడిచాయి. 2013లో మా అబ్బాకు సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. చత్వారం అనుకున్నాం. తర్వాత కాజాలు కుట్టలేకపోయారు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు బీడీ చుడుతున్నట్టు ఆడేవి. తావీజు కట్టించాం, నరాల బలహీనత అని టానిక్కులు తాగించాం. ఏడాది వృథా చేశాక గుంటూరులో నరాల డాక్టరుకు చూపిస్తే జబ్బు పేరు చెప్పారు.

ఇప్పుడు మా తప్పు చెప్పుకుంటాం. 2014లో ఒక వలీమా దావత్‌లో అబ్బా చేతిలోని దాల్చా గిన్నె పక్కనున్న పెద్దమనిషి షేర్వానీ మీద ఒలికింది. "ముసలాయన తాగి వచ్చాడా ఏమిటి?" అని ఎవరో గొణిగారు. జీవితంలో ఒక్క చుక్క ముట్టని మనిషి ఆయన. మేమక్కడ నోరు విప్పి జబ్బు పేరు చెప్పవలసింది. చెప్పలేదు. ఇంటికొచ్చి "అబ్బా, ఇక మీదట మీరు దావత్‌లకు రావద్దు, భోజనం ఇంటికే తెస్తాం" అన్నాం. ఆయన ఏమీ అనలేదు. దావత్‌లతోపాటు మసీదుకు వెళ్ళడం కూడా మానేశారు. కుర్చీలో నమాజు చేస్తే నలుగురూ చూస్తారని సిగ్గు. మేమూ బలవంతం చేయలేదు. నిజం చెప్పాలంటే మాకూ అదే సుఖంగా ఉండింది.

2016 జూన్ 3న అలీ కన్నుమూశాడు. 74 ఏళ్ళు. రంజాన్ నెలలో, జూన్ 9న లూయీవిల్‌లో వేలమంది నడుమ జనాజా నమాజు జరిగింది. ఆ దృశ్యాలు మా సెల్‌ఫోన్‌లో అబ్బాకు చూపించాం. పాత అట్లాంటా దృశ్యం కూడా చూపించాం. చాలాసేపటికి ఆయన సన్నటి గొంతుతో ఒక్క మాటన్నారు. "బేటా, ఆయన ప్రపంచం ముందు నిలబడ్డాడు. నన్ను మీరు నాలుగిళ్ళ ముందు దాచారు."

సభికులారా, ఇరవై ఏళ్ళ పంతులు ఉద్యోగంలో మాకు అంతటి పాఠం ఎవరూ చెప్పలేదు. మరుసటి జుమ్మాకు మేమే భుజం పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీ వేశాం. 2019లో పరమపదించేదాకా ఆయన మళ్ళీ జుమ్మా మానలేదు. దావత్‌లలో సగం గ్లాసు షర్బత్ పోసి ఇచ్చేవాళ్ళం, ఒలికితే తుడిచేవాళ్ళం. అంతే! ఆకాశం విరిగి పడలేదు.

అలీ కూడా జబ్బు వచ్చిందని మూల కూర్చోలేదు. 1990లో ఇరాక్ వెళ్ళి 15 మంది అమెరికన్ బందీలను విడిపించుకు వచ్చాడు. 1997లో ఫీనిక్స్‌లో ఆయన పేరిట పార్కిన్సన్ రోగుల కేంద్రం వెలిసింది. మరొక ముచ్చట: హాలీవుడ్‌లో ప్రముఖుల పేర్లతో నక్షత్రాలను నేలమీద పొదుగుతారు. ప్రవక్త పేరు కూడా అయిన తన పేరును జనం తొక్కరాదని అలీ కోరగా, ఆయన నక్షత్రాన్ని మాత్రం గోడమీద పెట్టారు. మాట తడబడినా మర్యాద తడబడలేదు.

ఇక మా మనవులు కొన్ని. మన పల్నాడులో పత్తి, మిరప చేలకు మందు కొట్టి బతికేవారు మన మొహల్లాలోనూ ఉన్నారు. పారాక్వాట్ వంటి గడ్డిమందు తరచు తగిలేవారిలో ఈ జబ్బు ఎక్కువగా కనబడుతున్నదని కొన్ని పరిశోధనలు చెప్పాయి. కాబట్టి మూతికి గుడ్డ, చేతికి తొడుగు లేనిదే మందు ముట్టవద్దు. దూలగొండి గింజల్లో లెవొడోపా సహజంగానే ఉన్నమాట నిజం. అలాగని ఎవరికి వారు దంచుకు తినరాదు, మోతాదు డాక్టరే చెప్పాలి. రంజాన్‌లో ఉపవాసం కోసం మాత్రలు హఠాత్తుగా మానేయడం ప్రమాదం. రోగికి అల్లాహ్ సడలింపు ఇచ్చాడు, ముందుగా డాక్టరునూ ఇమాము గారినీ అడగండి.

మన సంఘం వైద్యనిధిలో నెలకొకసారి ఇటువంటి రోగులను గుంటూరు తీసుకెళ్ళే ఖర్చు చేర్చవలసిందిగా కార్యవర్గాన్ని ప్రార్థిస్తున్నాం. మసీదులో నాలుగు కుర్చీలు అధికంగా వేయించండి. వాటి వెల కొంచెమే. ఒక ముసలాయన ఇంట్లోంచి బయటకు రావడానికి అవి చాలు.

విద్యార్థులారా, బాక్సింగ్ అమెరికా వాళ్ళదే అనుకోకండి. మన తెలుగు నేల నిజామాబాద్‌లో పుట్టిన నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. మీరూ ఆడండి, గెలవండి. అయితే ఇవాళ ఇంటికెళ్ళాక ముందు మీ తాతగారి చేయి ఒకసారి పట్టుకు చూడండి. వణుకుతుంటే వదిలేయకండి.

మన కొండ మీద సీతమ్మ కబురు రాములవారు విన్నారు గనుక ఇది వినుకొండ అయిందని హిందూ సోదరులు చెబుతారు. అటువంటి ఊరివాళ్ళం. సన్నగిల్లిన గొంతును వినడం మనకు రాకపోతే ఎట్లా?

 ఖుదా హాఫిజ్. జై హింద్.