లారీ మీటరు, డీజిలు లెక్క



మన సంఘంలో లారీ ఓనర్లున్నారు, డ్రైవర్లున్నారు, షెడ్డు పెట్టుకున్న మెకానిక్కులూ ఉన్నారు. ఈ ముగ్గురి మధ్య తరచుగా వచ్చే తగాదా ఒకటున్నది. "మైలేజీ పడిపోయింది, డీజిలు ఏమైంది?" అని ఓనరు అడుగుతాడు. "నేనేం తాగానా భాయ్?" అంటాడు డ్రైవరు. ఇంజను విప్పి చూస్తే లోపముండదు. ఇటువంటప్పుడు మేము మొదట అడిగేది ఇదే: ఈ మధ్య క్రౌన్ పినియను మార్చారా? టైరు సైజు మార్చారా? తరువాత మీటరు సరిచేయించారా?

మీటరుకు రోడ్డు కనబడదు. కేబులు మీటరున్న బండిలో గేరుబాక్సు వెనుక ఉన్న చిన్న పళ్ళచక్రం కేబులును తిప్పుతుంది. కేబులు కొసన అయస్కాంతం తిరుగుతూ, తనను తాకకుండా ఉన్న అల్యూమినియం గిన్నెను వెంట లాగుతుంది. సన్నని స్ప్రింగు దానిని వెనక్కి పట్టుకుంటుంది. ఈ రెంటి పోటీలో ముల్లు ఎక్కడ ఆగితే అదే స్పీడు. ఒట్టో షుల్జే అనే ఆయన బెర్లినులో 1902లో దీనికి పేటెంటు పొందాడు. కొత్త బండ్లలో కేబులు బదులు సెన్సారుంటుంది. ఏదైనా లెక్కపెట్టేది షాఫ్టు తిరిగిన రౌండ్లనే. రౌండుకు ఎంత దూరమన్నది ఫ్యాక్టరీలో పెట్టిన లెక్క.

పినియనుకు 6 పళ్ళు, క్రౌనుకు 41 ఉన్నవనుకోండి. షాఫ్టు 6.83 రౌండ్లు తిరిగితే చక్రం ఒక రౌండు. ఘాటు లోడు మాని హైవే లైను పట్టిన ఓనరు 7-41 జత వేయించాడు. ఇప్పుడు 5.86 రౌండ్లకే చక్రం తిరుగుతుంది. మీటరు 60 చూపుతుంటే బండి 70 మీద పోతుంటుంది. బ్రేకు పడ్డ తరువాత ఆగే దూరం మూడోవంతుకు పైగా పెరుగుతుంది. పాపం, డ్రైవరు 60 అనే నమ్ముకుని ఉంటాడు.

ఇక డీజిలు. బండి నిజంగా 700 కిలోమీటర్లు నడిచి 175 లీటర్లు తాగింది, లీటరుకు 4. మీటరులో 600 మాత్రమే ఉన్నవి. ఓనరు 600ను 4తో భాగించి 150 లీటర్లు చాలునంటాడు. మిగతా 25 లీటర్లు దొంగతనం కింద పడతాయి. జీతంలో కోత పడుతుంది, డ్రైవరు బండి దిగిపోతాడు, కొత్త ఓనరు దగ్గరకు అతనికంటే ముందు ఆ మాట చేరుతుంది. డీజిలు తీసేవాళ్ళు లేరని మేము అనము; ఉన్నారు, మీకూ తెలుసు. లెక్క చూడకుండా మనిషి మీద నింద వేయడమే మాకు నచ్చదు. జత తిరగేసి వేస్తే, అంటే 7 తీసి 6 పెడితే, మీటరు ఎక్కువ చూపుతుంది, మైలేజీ బ్రహ్మాండంగా కనబడుతుంది. అప్పుడు ఎవరూ ఫిర్యాదు చేయరు!

టైరు తేడా చిన్నది. 9.00-20 తీసి 10.00-20 వేస్తే సుమారు 3 శాతం.

2015లో వచ్చిన నిబంధన ప్రకారం రవాణా బండ్ల స్పీడు గవర్నరు 80 మీద కట్టాలి. ఆ గవర్నరు గేరుబాక్సు సెన్సారు మీద నడిచేదైతే, పై ఉదాహరణలో అది 93 దాకా వదిలేస్తుంది.

సరిచూడడం కష్టం కాదు. ఫోనులోని జీపీఎస్ చాలు, లేదా రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు పది లెక్కపెట్టండి. టైరు కొలతకు లోడు మీద, సరియైన గాలితో, సుద్ద గీత పెట్టి పది రౌండ్లు నడిపి టేపు పట్టాలి. 10.00-20కి రౌండుకు సుమారు 3.2 మీటర్లు వస్తుంది. అంటే కిలోమీటరుకు షాఫ్టు పాత జతతో సుమారు 2,135 రౌండ్లు, కొత్త జతతో 1,830. మెకానిక్కుకు కావలసినవి ఈ అంకెలే. కేబులు బండికి గేరుబాక్సు దగ్గరి మీటరు పళ్ళచక్రం మార్చవచ్చు, లేదా కేబులు మధ్యలో చిన్న రేషియో పెట్టె వేయవచ్చు. సెన్సారు బండికి సర్వీసు సెంటరులో కంప్యూటరు పెట్టి కొత్త లెక్క ఎక్కిస్తారు. కొందరు ముల్లు పీకి పక్కకు గుచ్చి డబ్బు తీసుకుంటారు. అది ఒక్క స్పీడు దగ్గరే సరిపోతుంది. కిలోమీటర్ల అంకె తప్పుగానే తిరుగుతుంటుంది.

సరిచేసిన రోజున తేదీ, కిలోమీటర్ల అంకె, పళ్ళ లెక్క ట్రిప్పు పుస్తకంలో రాసి ఓనరు, డ్రైవరు ఇద్దరూ సంతకాలు పెట్టాలి. అంతకుముందు తప్పుగా తిరిగిన కిలోమీటర్లను 7తో గుణించి 6తో భాగిస్తే అసలు దూరం వస్తుంది. పాత ట్రిప్పుల డీజిలూ, కోసిన జీతమూ ఆ అంకె మీద మళ్ళీ లెక్క చూసుకోవచ్చు.