కన్నాంబ గారిని దాదాపు ముప్పై ఏళ్లు నిలబెట్టింది ఏంటి?

కొల్లేటికోట నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌ని ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. సినిమాలో హీరోయిన్‌కి ఎన్నేళ్ల కెరీర్ ఉంటుంది? పదేళ్లా? అదృష్టం బాగుంటే పదిహేనా? 1935లో హీరోయిన్‌గా మొదలెట్టి, 1964లో చనిపోయేదాకా సినిమాల్లో ఉన్న ఆవిడ ఒకరున్నారు. మన ఏలూరులో పెరిగిన అమ్మాయే. పసుపులేటి కన్నాంబ గారు.

పేరు వినగానే బ్లాక్ అండ్ వైట్ సినిమాలో కన్నీళ్లు పెట్టుకునే అమ్మ గుర్తొచ్చిందా? చాలామందికి అంతే గుర్తు. కానీ ఆవిడ నాటకాల నుంచి వచ్చిన గాయని. అసలు సంగతి అక్కడే ఉంది.

ముందు ఆ రోజుల్లో స్టేజీ ఎలా ఉండేదో చూద్దాం. 1920లు. మైకులు లేవు. పక్కన హార్మోనియం మోగుతూ ఉంటుంది. పద్యం ఎత్తుకుని, చివర్లో రాగం తీస్తే ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా మాట మాటా అర్థమవ్వాలి. అర్థం కాకపోతే ఈలలు, కేకలు. నచ్చితే 'వన్స్ మోర్'. ఆడవేషాలు కూడా ఎక్కువగా మగవాళ్లే కట్టేవారు.

ఏలూరులో ఒక కథ చెప్పుకుంటారు. హరిశ్చంద్ర నాటకం నడుస్తోంది. చంద్రమతి వేషం కట్టినాయన పాట తేలిపోయింది, జనం గోల మొదలెట్టారు. అప్పుడు చూడ్డానికొచ్చిన ఒక చిన్నపిల్ల లేచి, నేను పాడతాను అందట. స్టేజీ ఎక్కి పాడేసరికి గోల ఆగిపోయిందట. ఆ పిల్లే కన్నాంబ. ఆ తర్వాత నాటకాలే ఆవిడ జీవితం అయ్యాయి. నాటక సమాజం నడిపిన కడారు నాగభూషణం గారిని పెళ్లి చేసుకున్నారు.

1935లో 'హరిశ్చంద్ర' సినిమాగా వచ్చింది. హరిశ్చంద్రుడు అద్దంకి శ్రీరామమూర్తి గారు, చంద్రమతి కన్నాంబ గారు. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. అప్పటికి మనకి ప్లేబ్యాక్ లేదు. కెమెరా ముందు నటిస్తూనే పాడాలి. ఎవరికి గొంతుంటే వాళ్లకే వేషం. అందుకే స్టేజీ వాళ్లకి తలుపు తెరుచుకుంది.

1936లో ఇంకో సరదా అయిన పోటీ. ఒకే కథతో రెండు సినిమాలు. 'ద్రౌపదీ మానసంరక్షణం'లో ద్రౌపది సురభి కమలాబాయి గారు, అంటే మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి. దుర్యోధనుడు సాక్షాత్తూ బళ్లారి రాఘవ గారు. రెండోది 'ద్రౌపదీ వస్త్రాపహరణం', అందులో ద్రౌపది కన్నాంబ గారు. ఇద్దరు ద్రౌపదులూ నాటకాల వాళ్లే. జనం కన్నాంబ గారి సినిమాకే ఓటేశారు. మరుసటి ఏడాది 'సారంగధర'లో చిత్రాంగి వేశారు, సవతి కొడుకు మీద మోజుపడే రాణి. చంద్రమతి లాంటి ఇల్లాలు, చిత్రాంగి లాంటి ఆడది, రెండూ ఒక్క మనిషే.

తర్వాత 1940ల్లో ప్లేబ్యాక్ వచ్చి స్థిరపడింది. ఇది పాడే నటులకి పెద్ద దెబ్బ అండి. మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది అయిపోయింది. పైగా వయసు కూడా పెరుగుతోంది. మరి కన్నాంబ గారు ఎలా నిలబడ్డారు?

నాకు అర్థమైంది చెప్తాను. పద్యం ఆవిడకి పాట ఒక్కటే నేర్పలేదు. ఊపిరి ఎక్కడ పీల్చాలి, మాట ఎక్కడ విరవాలి, గొంతు ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు దించాలి, ఇవన్నీ నేర్పింది. పాట పోయినా ఆ విద్య డైలాగ్‌లో మిగిలింది.

సాక్ష్యం కావాలా? 1942లో తమిళంలో 'కన్నగి'. తమిళం ఆవిడ భాష కాదు. డైలాగులు తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టారు. పాండ్యరాజు సభలో అందె చేతబట్టుకుని న్యాయం అడిగే సీనుకి తమిళ జనం దాసోహం అన్నారు. 1954లో 'మనోహర'. రాసింది కరుణానిధి గారు, డైరెక్టర్ మన ఎల్‌.వి.ప్రసాద్ గారు. గొలుసులతో కట్టేసి ఉన్న శివాజీ గణేశన్ ముందు తల్లిగా నిలబడి మాట్లాడతారు చూడండి, ఆ సీను ఇప్పటికీ తమిళనాట చెప్పుకుంటారు. తెలుగులో 'పల్నాటి యుద్ధం' నాగమ్మ ఆవిడే. 'తోడికోడళ్లు'లో ఎస్వీ రంగారావు గారి భార్యగా ఇంటి పెద్ద కోడలూ ఆవిడే. భర్తతో కలిసి సొంత సినిమా సంస్థ కూడా నడిపారు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, మా లంక ఊళ్లలో జాతరకి ఇప్పటికీ పద్య నాటకం పెట్టిస్తారు. చంద్రమతిగా వచ్చే ఆవిడ రాత్రంతా పాడుతుంది. తేడా ఏంటంటే, కన్నాంబ గారికి స్టేజీ నుంచి సినిమాకి దారి ఉంది. ఈవిడకి ఆ దారి లేదు. పక్క ఊరి జాతరే దారి. మనమేమో రెండు పద్యాలకే ఫోన్ తీస్తాం, లేదా లేచి వెళ్లిపోతాం.

కాబట్టి ఒక చిన్న పని. ఈ వారం యూట్యూబ్‌లో కన్నాంబ గారి సీను ఏదైనా ఒకటి, కళ్లు మూసుకుని వినండి. మొహం చూడొద్దు, గొంతు వినండి. ఈసారి మీ ఊళ్లో నాటకం వేస్తే కాటి సీను దాకా కూర్చోండి. బాగా పాడితే గట్టిగా 'వన్స్ మోర్' అనండి, సిగ్గుపడకండి. మీ ఊళ్లో పద్యం పాడే ఆడవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు ఒప్పుకుంటే, ఒక పద్యం రికార్డ్ చేసి దాచండి. ఉంటానండి.