చిన్న దేశం, పెద్ద సముద్రం: కాపలా ఎవరిది?

పసిఫిక్‌లోని కిరిబాటి జనాభా లక్ష పైచిలుకు. కానీ చేపల మీద హక్కున్న సముద్రం 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. మన ఇండియా భూభాగం కంటే ఎక్కువ!

ట్యూనా లైసెన్సుల ఫీజే ఆ ప్రభుత్వానికి ప్రధాన ఆదాయం. దొంగ వేట అంటే బడులకీ, ఆసుపత్రులకీ వెళ్లాల్సిన డబ్బుకి గండి పడ్డట్టే.

ట్రాకింగ్ ఆపేసి తిరిగే పడవల్ని అంత సముద్రంలో ఎలా పట్టాలి? అందుకే 2008లో అమెరికాతో ‘షిప్‌రైడర్’ ఒప్పందం చేసుకున్నారు. ఓడ అమెరికా కోస్ట్‌గార్డ్‌ది. అందులో ఎక్కిన కిరిబాటి అధికారిదే తనిఖీ చేసే అధికారం.

2022లో మైక్రోనేషియా ఇంకో అడుగేసింది: తమ అధికారి ఓడలో లేకున్నా తనిఖీకి ఒప్పుకుంది. పని వేగంగా అవుతుంది, సరే. కానీ సాయం ఎక్కడ ఆగుతుంది, పెత్తనం ఎక్కడ మొదలవుతుంది? మీరేమంటారు?