గోడ ముందు గుమాస్తా: ఒక స్మారకోపన్యాసం

1880లో పర్లాకిమిడి బడిలో నెలకు ముప్పై రూపాయల జీతం మీద ఒక పంతులు చేరాడు. అప్పటికి ఆయనకు సుమారు పదిహేడేళ్లు. కొండ దిగి వచ్చే సవర గిరిజనుల మాట ఆ ఊళ్లో చదువుకున్నవాళ్లెవరికీ పట్టలేదు. ఈ పంతులుకు పట్టింది. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషినొకణ్ణి ఇంట్లో పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. పైవాళ్లు నేర్చుకోమన్నదీ లేదు, నేర్చుకుంటే జీతం పెంచుతామన్నదీ లేదు. గూడేల్లో తిరిగినందుకు మన్యం జ్వరం తగులుకుంది. దానికి మింగిన క్వినైను చెవుల మీద దెబ్బ కొట్టింది. ఆ చెవులతోనే మిగతా జీవితమంతా భాష విన్నాడు గిడుగు వెంకట రామమూర్తి.

ఆగస్టు 29న ఆయన్ని తెలుగు భాషా దినోత్సవం పేరిట తలుచుకుంటారు. వాడుక భాష కోసం ఆయన పడ్డ పోరు సభలన్నిటికీ తెలుసు. ఈ ఉపన్యాసం తీసుకున్నది ఆయన రెండో ముఖం. సవర పిల్లలకు సొంత డబ్బుతో బడులు పెట్టి, పాఠ్యపుస్తకాలు రాసి, 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అందించిన మనిషి ముఖం అది. బదిలీలూ టీయే బిల్లులూ తెలిసిన ఉద్యోగ భాషలో చెప్పాలంటే, తనకు తానే తర్ఫీదు ఇచ్చుకున్న ఉద్యోగి. ఆంధ్ర వైపు సవర నేలలోని సీతంపేటలో సంస్కృతి పేరున ఫైలు కదిపే ప్రతి చెయ్యికీ ఆయన కథతో పని ఉంది.

సీతంపేట నుంచి వంశధార దాటి వెళితే పర్లాకిమిడి. 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు ఆ ఊరు అటు పోయింది, ఆ బాధతో గిడుగు రాజమండ్రి చేరాడు. సవర నేల రెండు రాష్ట్రాల మధ్య చీలింది. ఇటుపక్క సీతంపేట సవరలు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా జనమయ్యారు. కొండ కదల్లేదు. కాగితం మీద చిరునామా మారుతూ వచ్చింది.

ఇక గోడ సంగతి. సవర ఇంట్లో ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో, చివర నలగ్గొట్టిన పుల్లతో గీసే బొమ్మను ఇటువైపు ఎడిసింగ్ అంటారు. సవరలో 'సింగ్' అంటే ఇల్లు. ఎవరికో జబ్బు చేస్తుంది, ఎవరో పోతారు, పంట చేతికి రావాల్సి ఉంటుంది. అప్పుడు ఆ దేవరకో ఆ పెద్దకో గోడ మీద ఒక ఇల్లు కట్టిపెడతారు. చట్రంలో మనుషులు, ఏనుగు, గుర్రం, నెమలి, సూర్యచంద్రులు. బొమ్మ ముందు అన్నం, కల్లు, పూజ. ఒడిశా వైపు సవరల మధ్య ఏళ్ల తరబడి తిరిగిన వెరియర్ ఎల్విన్ 1951లో మధ్య భారత గిరిజన కళ మీద, 1955లో సవరల మతం మీద పెద్ద పుస్తకాలు రాశాడు. గోడల మీద రైళ్లనూ విమానాలనూ కూడా చూశాడాయన. పైలోకపు పెద్దలు ప్రయాణం చెయ్యాలంటే బండి కావాలి కదా! బొమ్మ పూర్తయ్యాక పూజారి దేవరను పిలిచి చూపించడం, లోటు చెబితే చిత్రకారుడు దిద్దడం కూడా ఆయన రాశాడు. ఏ ఆర్ట్ గ్యాలరీలోనూ ఇంతటి తనిఖీ ఉండదు.

ఆ గోడ ఇప్పుడు గుడ్డ మీదికి, కాగితం మీదికి, కీచైను మీదికి, కలెక్టరేటు ప్రహరీ మీదికి వచ్చింది. రావడం తప్పు కాదు. బొమ్మ అమ్ముకుంటే సవర ఇంటికి నాలుగు డబ్బులు. అయితే గోడకూ ప్రహరీకీ నడుమ ఒక గుమాస్తా ఉన్నాడు. 'గిరిజన చిత్రాలు, చదరపు అడుగుకు ఇంత' అని టెండరు రాసేది అతనే. తక్కువ ధరకు పాడిన పెయింటరు ఫోనులో వార్లీ బొమ్మ చూసి దించేస్తే బిల్లు పాస్ చేసేదీ అతనే. మహారాష్ట్ర వార్లీ బొమ్మలో మనిషి ఒళ్లు మొనలు కలిసిన రెండు త్రికోణాలు. సవర మనిషి అంత కోసుగా ఉండడు. పైగా సవర గీత ముందు అంచు కట్టి, వలలాగా లోపలికి నడుస్తుంది. ఇది పది నిమిషాల్లో నేర్పగలిగిన తేడా. ఆ పది నిమిషాలు ఉద్యోగానికి ముందూ తరవాతా ఎవరూ కేటాయించకపోతే, గుమాస్తాను తప్పుపట్టి ప్రయోజనం లేదు.

(ఆటలోనూ ఇదే పొరపాటు. వేదిక మీద కొండవాళ్లు చేతులు పట్టుకుని అడుగు వేస్తే చాలు, మైకు ముందున్నాయన 'థింసా' అని ప్రకటిస్తాడు. అరకు థింసా అరకుదే. సవరల ఆటకు వేరే వాయిద్యం, వేరే అడుగు, వేరే సందర్భం.)

ప్రభుత్వ శిక్షణ లేదని అనడానికి వీల్లేదు. 1979లో ఢిల్లీలో పెట్టిన సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం టీచర్లకు తోలుబొమ్మల నుంచి చేతిపనుల దాకా నేర్పుతోంది, హైదరాబాదులోనూ దానికో శాఖ ఉంది. గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ 1963 నాటిది. బాపట్లలో మానవ వనరుల అభివృద్ధి సంస్థ, 2020 తరవాత మిషన్ కర్మయోగి పేరుతో కంప్యూటరు తెర మీద కోర్సులు. ఫైలు నడపడం, ఆడిట్ అభ్యంతరానికి జవాబు రాయడం వీటిలో బాగానే అబ్బుతాయి. గూడెంలో చెప్పు విడిచి కూర్చోవడం అక్కడ అబ్బదు.

ఆ ఎరుక ఉండేది సంస్థలో కాదు, మనిషిలో. సంస్థ పోతే దాని జ్ఞాపకం ఏమవుతుందో తెలుగునాట ఒకసారి అనుభవమైంది. 1957లో పుట్టిన సాహిత్య అకాడమీతో పాటు సంగీత, నాటక, లలితకళల అకాడమీలను 1983లో రద్దు చేశారు. వాటి పనిని 1985 డిసెంబరులో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయానికి అప్పజెప్పారు. బీరువాలు, పుస్తకాలు చేతులు మారతాయి. ఫలానా ఊళ్లో ఫలానా కళాకారుడి ఇల్లు చెరువుగట్టు దాటాక రెండోదన్న ఎరుక బీరువాలో ఉండదు.

అందుకే ఎవరికి నేర్పాలన్నది మొదటి ప్రశ్న. సీతంపేట సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)కు ప్రాజెక్టు అధికారి (పీవో)గా వచ్చే ఐఏఎస్ అధికారి చురుకైనవాడే కావచ్చు, కొండ ఎక్కేవాడే కావచ్చు. కానీ అల్లం చేలు, జీడి తోటలు ఎక్కడున్నాయో తెలిసేసరికి బదిలీ ఉత్తర్వు వస్తుంది. మిగిలేది ఆశ్రమ పాఠశాల మేష్టారు, వార్డెను, గ్రామ సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంటు, గిరిజన సహకార సంస్థ డీఆర్ డిపోలో చింతపండు తూచే సేల్స్‌మన్. నేర్పాల్సింది వీళ్లకు. అందులోనూ డిపో మనిషికి ముందు. 1956 నుంచి ఆ సంస్థ కొండ సరుకు కొంటోంది. కొండచీపురు నాణ్యం చూడగానే చెప్పగల కన్ను అతనికి ఉంది. అదే కన్ను బొమ్మ మీదికి మళ్లించడం పెద్ద కష్టమేమీ కాదు.

ఇటువంటి పని ఒకసారి ఇక్కడే జరిగింది. 2004లో రాష్ట్రం సవర, కువి, కోయ వంటి ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు ప్రాథమిక విద్య మొదలుపెట్టినప్పుడు, తెలుగు లిపిలో సవర వాచకాలు తయారయ్యాయి. వాటికి మాటలు, కథలు, పాటలు ఇచ్చింది సవరలే. వాచకం చేతికిచ్చే ముందు మేష్టారికి మేష్టారు కావలసి వచ్చింది. గిడుగు ఇంట్లో జరిగిందే నూరేళ్ల తరవాత సర్కారు ఖర్చుతో జరిగింది. బడికి చేసింది బొమ్మకు చేయలేదు.

దూరపు ముచ్చట ఒకటి. అమెరికాలో జాతీయ కళల నిధి 1965లో పుట్టింది. 1977లో జానపద కళల విభాగం బెస్ లోమాక్స్ హాస్ చేతికి వచ్చింది. పాటల సేకర్తల ఇంట్లో పుట్టిన ఆవిడ గ్రాంట్లు పంచి ఊరుకోలేదు. రాష్ట్రాల కళా సంస్థల్లో జానపద కళలకు ప్రత్యేకంగా ఒక ఉద్యోగి ఉండేలా పట్టుబట్టింది. ఆ ఉద్యోగి పని ముందు ఊళ్లు తిరగడం, తరవాతే కాగితం. 1992లో ఆవిడ దిగిపోయేనాటికి ఆ దేశంలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ అలాంటివాళ్లున్నారు. సీతంపేటకు అంత హంగు అక్కర్లేదు. మోటార్ సైకిలు, పెట్రోలు బిల్లు, వారానికి రెండు రోజులు ఆఫీసుకు రాకపోయినా అడగని పైఅధికారి చాలు.

కాగితం చేతకాకపోయినా ముప్పే. 2024 జనవరిలో ఒడిశా లంజియా సవర చిత్రానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇటువైపు బుడితి ఇత్తడికి, బొబ్బిలి వీణకు ఆ గుర్తింపు ఉంది. గుర్తింపు సంఘం పేరున వస్తుంది. దాన్ని వాడుకోవాలంటే కళాకారుడు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. చదువురాని చిత్రకారుడి తరఫున ఆ దరఖాస్తు నింపి, చెన్నై రిజిస్ట్రీకి పంపి, జవాబు వచ్చేదాకా వెంటపడే మనిషి ఉంటేనే ఆ ముద్ర అతని సంచిలోకి డబ్బై చేరుతుంది.

శిక్షణ ఎక్కడ, ఎప్పుడు అంటే కంది కోతలు అయ్యాక, గూడెంలోనే. పాఠం చెప్పేది పూజారి అయిన ఎజ్జోడు, బొమ్మ గీసే మనిషి, పిండి నూరే ఆడమనిషి. బయటివాళ్లు చూడకూడని బొమ్మ ఏదో, అమ్మదగినది ఏదో చెప్పాల్సింది వాళ్లే. ఉద్యోగికి వంద సవర మాటలు రావాలి, కనీసం 'ఇది అడిగి గీశారా' అని అడగగలిగేటన్ని. చిక్కు వచ్చేది చివర్లో, గౌరవ వేతనం బిల్లు రాసేటప్పుడు. శిక్షకుడి విద్యార్హత అని ఒక గడి ఉంటుంది. పర్లాకిమిడిలో గిడుగుకు సవర నేర్పిన మనిషి పేరు ఎదుట ఆ గడిలో ఏం రాసేవారో, ఖజానా ఆఫీసు దాన్ని పాస్ చేసేదో లేదో తేల్చుకున్నాకే మొదటి తరగతికి తేదీ వేయాలి.