పాత స్పోర్ట్స్ కారు గేర్‌బాక్స్‌లో ఏ ఆయిల్ పోయాలి?



కామారెడ్డిలో హైవే పక్కనున్న షెడ్డుకు పోయి గేర్ ఆయిల్ కావాలంటే ముందు చేతికొచ్చేది 90 నంబరు డబ్బా. లారీ హౌసింగ్‌కూ అదే, జీపు గేర్‌బాక్స్‌కూ అదే. చాలా బండ్లకు పనికొస్తుంది కూడా. చిక్కు వచ్చేది పాత స్పోర్ట్స్ కారుతోనే.

ఎంజీబీ లాంటి రెండు సీట్ల కారు ఎల్లారెడ్డి రోడ్డు మీద కనిపిస్తే జనం ఆగి చూస్తారు. దాని చుట్టం మాత్రం మనకు బాగా తెలిసిందే, అంబాసిడర్! 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ ఇంజను ఉండేది. అదే వంశం, అదే కొలత ఇంజను మన పెట్రోల్ అంబాసిడర్‌ను ఏళ్ల తరబడి లాగింది. ఎంజీఏ తర్వాత 1962లో ఎంజీబీ వచ్చింది.

ఆ ఎంజీబీ పుస్తకం తెరిస్తే, గేర్‌బాక్స్‌లో ఇంజన్ ఆయిల్ పోయమని ఉంటుంది. వెనక హౌసింగ్‌లో మాత్రం 90 నంబరు గేర్ ఆయిలే. ఈ మాట చెబితే కొందరు మేస్త్రీలు నమ్మరు. "50 నంబరు ఇంజన్ ఆయిల్ పల్చన కదా, పళ్లు అరిగిపోవూ?" అంటారు. నిజానికి ఇంజన్ ఆయిల్‌కూ గేర్ ఆయిల్‌కూ నంబర్లు వేసే పద్ధతులే వేరు. వంద డిగ్రీల వేడిలో కొలిస్తే 90 నంబరు గేర్ ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ దాకా ఉంటుంది. 50 నంబరు ఇంజన్ ఆయిల్‌కు అది 16.3 నుంచి 21.9 దాకా. అంటే రెండూ దగ్గరదగ్గరే.

మరి తేడా ఎక్కడుంది? ఆయిల్‌లో కలిపే మందుల్లో. హౌసింగ్‌లో క్రౌనూ పినియనూ ఒకదానిమీద ఒకటి జారుతూ ఒరుసుకుంటాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. అందుకే గంధకం, భాస్వరం ఉన్న మందులు కలుపుతారు. గేర్ ఆయిల్ మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు ఆ గంధకానిదే. గేర్ ఆయిల్ రకాల్లో జీఎల్-4లో ఈ మోతాదు తక్కువ, జీఎల్-5లో దాదాపు రెట్టింపు. అయిదు నాలుగు కన్నా పెద్దది కాబట్టి జీఎల్-5 మేలనుకుని కొనేవాళ్లు బోలెడు మంది. పాత గేర్‌బాక్స్‌కు అది మేలు కాదు.

ఎందుకంటే, ఆ గేర్‌బాక్స్‌లో సింక్రో రింగులు ఇత్తడివి. గేరు మార్చేటప్పుడు రింగు కోను మీద పట్టుకుని రెండు వేగాల్నీ ఒకటి చేయాలి. పట్టుకోవాలంటే కాస్త రాపిడి ఉండాలి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే రింగు జారిపోతుంది, లీవరు చేతికి గర్రుమని తగులుతుంది. పైగా వేడిలో పాత రకం గంధకం మందులు ఇత్తడిని తినేస్తాయి. కొత్త జీఎల్-5 ఆయిల్స్‌లో ఈ గుణాన్ని బాగా తగ్గించారు కానీ, నన్నడిగితే దొరకని రింగుల మీద ఆ ప్రయోగం వద్దు. ఎంజీబీకి ఓవర్‌డ్రైవ్ ఉంటే మరీ జాగ్రత్త. అదీ గేర్‌బాక్స్ ఆయిల్‌తోనే నడుస్తుంది, దాంట్లోనూ పట్టుకోవాల్సిన క్లచ్చు ఉంది.

అలాగని జీఎల్-5ను అన్నిచోట్లా తప్పు పట్టలేం. పాత పోర్షె 911లో గేర్లూ డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో ఉంటాయి. సింక్రో రింగులు ఉక్కువి. దానికి కంపెనీయే జీఎల్-5 రాసింది. కాబట్టి ఏ బండికైనా దాని పుస్తకంలో ఏముందో చూసుకోవాలి.

75డబ్ల్యునా, 80డబ్ల్యునా అనే చర్చ మనకు అక్కర్లేదు. ఆ అంకె చలిలో ఆయిల్ ఎంత పారుతుందో చెప్పేది. 80డబ్ల్యును పరీక్షించేది సున్నాకు కింద 26 డిగ్రీల దగ్గర. కామారెడ్డిలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు.

ఇక ఆయిల్ మార్చే రోజు. బండిని కొన్ని కిలోమీటర్లు తిప్పి వేడెక్కాక చదును నేల మీద నిలపండి. ముందు ఆయిల్ పోసే బిరడా విప్పండి, తర్వాతే కింది బిరడా. పైది మొరాయిస్తే ఖాళీ గేర్‌బాక్స్‌తో షెడ్డులోనే కూర్చోవాల్సి వస్తుంది. కారిన ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండలో చూడండి. బంగారు రజనులా మెరిస్తే ఇత్తడి రింగులు అరుగుతున్నట్టే. నల్లటి మెత్తటి మడ్డి మామూలే. ఇనుప పెచ్చు తగిలితే మాత్రం గేర్‌బాక్స్ విప్పాలి. పాల రంగు వస్తే నీళ్లు చేరాయి.

ఎల్లారెడ్డి వైపు, నిజాంసాగర్ ఆయకట్టులో ట్రాక్టర్లున్న రైతులకు కూడా ఓ మాట. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులున్న ట్రాక్టర్లలో చాలావాటికి గేర్లకూ, హైడ్రాలిక్స్‌కూ, బ్రేకులకూ ఒకే ఆయిల్. అందులో ఉత్త 90 నంబరు పోస్తే బ్రేకులు సరిగ్గా పట్టవు, అరుస్తాయి. వాటికి ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ విడిగా దొరుకుతుంది, అదే అడిగి తీసుకోండి.