‘ఓపెన్’ అంటే ఏమిటి?

జర్మన్‌లోకి అనువదించాల్సిన సాఫ్ట్‌వేర్ తెరమీద ‘ఓపెన్’ అనే ఇంగ్లీషు మాట ఉందనుకోండి. అది బటన్ అయితే జర్మన్‌లో ‘ఒఫ్నెన్’, అంటే తెరువు. ఫిర్యాదు ఇంకా తేలలేదని చెప్పాలంటే ‘ఒఫెన్’. అనువాదకుడికి తెరలు చూపకుండా ఉత్త మాటల పట్టిక చేతిలో పెడితే, పాపం ఆయన దేన్ని ఎంచుకోవాలి? మంచి అనువాదకులు ముందే అడుగుతారు, ఈ మాట ఎక్కడ కనిపిస్తుందని. అలా అడిగేవారినే నేను ఎంచుకుంటాను.

మరి వాళ్లు దొరికేదెక్కడ? జర్మనీలో అనువాదకుడినని ఎవరైనా చెప్పుకోవచ్చు, ఆ పేరుకు చట్టరక్షణ లేదు. అందుకే 1955లో మొదలైన ‘బీడీయూ’ అనే అనువాదకులు, దుబాసీల సంఘం అక్కరకొస్తుంది. అర్హతలు చూశాకే సభ్యత్వం ఇస్తుంది. దాని వెబ్‌సైట్‌లో భాషను బట్టి, రంగాన్ని బట్టి సభ్యులను వెతకవచ్చు. లిబ్రెఆఫీస్, కేడీఈ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కైతే జర్మన్ స్వచ్ఛంద అనువాద బృందాలే ఉన్నాయి.

జర్మన్ మాతృభాషగా ఉన్నవారికే పని ఇవ్వండి. ముందు ఓ పేజీ నమూనా చేయించి, దానికీ డబ్బు చెల్లించండి. మన ‘నువ్వు’, ‘మీరు’ లాగే అక్కడ ‘డూ’, ‘జీ’ ఉన్నాయి. ఆటల యాప్‌కు ‘డూ’ నప్పుతుంది, బ్యాంకు పనికి ‘జీ’యే మర్యాద. ఏది కావాలో మొదటిరోజే చెప్పండి. బటన్లలో కాస్త చోటు కూడా వదలండి: ఇంగ్లీషులో 8 అక్షరాల ‘సెట్టింగ్స్’, జర్మన్‌లో ‘ఐన్‌ష్టెలుంగెన్’ అయ్యేసరికి 13 అక్షరాలవుతుంది.