ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి



శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు ప్రాంతములను ఉద్దానమని పిలుతురు. ఉద్యానము అను మాటనుండియే ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడి, పనస తోటలతో కళకళలాడు ఈ సీమలో, మధుమేహముగాని రక్తపుపోటుగాని లేనివారికి సైతము మూత్రపిండములు చెడిపోవుచున్నట్లు కొన్ని దశాబ్దములుగా వైద్యులు గమనించుచున్నారు. శ్రీలంకలోను, మధ్య అమెరికా చెరకుతోటల కూలీలలోను ఇట్టి వ్యాధియే కలదు. నీరా, నేలా, ఎండలో చాకిరియా, పురుగుమందులా అన్నది ఇంకను తేలలేదు. ఫలానా బావినీరే కారణమని గట్టిగా చెప్పువారిని నమ్మకుడు.

పిడికెడు పరిమాణముగల ఈ రెండు అవయవములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, ఒకటి రెండు లీటర్లను మాత్రమే మూత్రముగా విడుచును. వాని శక్తి సగము తరిగినను మనకు తెలియదు. కాళ్లవాపు, వాంతులు, ఆయాసము కనిపించునప్పటికి చాలవరకు ఆలస్యమైపోవును. నొప్పి లేదు గనుక రోగము లేదనుకొనుట పొరపాటు. రక్తములో క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్ పరీక్షించినగాని నిజము బయటపడదు. ఒక్క పరీక్షతో బెంగపడనక్కరలేదు. లోపము మూడు నెలలకు మించి నిలిచినపుడే దీర్ఘవ్యాధి అందురు.

పరీక్షకు రమ్మన్నచో కొందరు వెనుదీయుదురు. పేరు బయటపడిన ఇంటి పిల్లకు సంబంధము రాదని వారి భయము. ఆ భయమును నేను తేలికగా కొట్టివేయను. కాని దాచిన రోగము ఆగదు గదా! ఇది అంటువ్యాధి కాదని ఇరుగుపొరుగువారు కూడ తెలిసికొనవలెను.

జీడిపిక్కలు ఒలుచు తల్లులు, చెట్లెక్కు అన్నలు నడుమునొప్పికి దుకాణములో బిళ్లలు కొని మ్రింగుచుందురు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి తరచుగా వాడినచో మూత్రపిండములకు హాని. పేరు తెలియని భస్మములు, పసరులు అంతకన్న ప్రమాదకరములు. ఉప్పు దినమునకు 5 గ్రాములు దాటరాదు. ఎండుచేపలోను, ఊరగాయలోను ఉన్నది కూడ ఈ లెక్కలోనిదే. ఎండలో పనిచేయువారు దాహమునకు ముందే నీరు త్రాగవలెను. వ్యాధి ముదిరినవారు మాత్రము నీటి కొలతను వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

డయాలిసిస్ అనగా సాధారణముగా వారమునకు మూడు పర్యాయములు, ప్రతిసారి నాలుగు గంటలు. ఒకప్పుడు దానికై విశాఖపట్నము పోవలసివచ్చెడిది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండముల పరిశోధనకేంద్రమును ప్రారంభమైనవి.

ఒక్క మాట. పాత పరీక్షల చీటీలు పారవేయకుడు. నిరుటి క్రియాటినిన్ అంకెతో నేటి అంకెను పోల్చినపుడే రోగము ఎంత వేగముగా నడచుచున్నదో వైద్యునకు తెలియును. వానిని ఒక సంచిలో పెట్టి వెంట తీసికొనిరండు.